సరుకు పెట్టెల వడ్రంగం

ఆధునిక ఫర్నిచరు చరిత్ర రాసిన పుస్తకాల్లో 1934 నాటి ఒక కుర్చీ బొమ్మ తరచుగా కనిపిస్తుంది. హాలండ్‌లోని ఉట్రెక్ట్ ఊరివాడు ఖెరిట్ రీట్‌వెల్డ్ గీసిన కుర్చీ అది. సరుకు పెట్టెలు కొట్టడానికి వాడే చవక స్ప్రూస్ పలకలు, కాసిని స్క్రూలు. పాలిష్ లేదు, చెక్కడం లేదు, వంపు లేదు. చవక చెక్కకు మర్యాద దొరికింది అక్కడే అన్నట్టు రాస్తారు. రీట్‌వెల్డ్ వడ్రంగి కొడుకు, చిన్నప్పుడే తండ్రి కార్ఖానాలో పనికి కూర్చున్నవాడు. ఆయన మీద నాకు చాలా గౌరవం. కానీ ఈ కథ ఆయనతో మొదలు కాలేదు. దానికి పాతికేళ్ల ముందే ఒక అమెరికా ఆడమనిషి, కిరాణా కొట్టు వెనక పారేసిన పెట్టెలతో ఇంటికి కావలసిన వంద వస్తువులు ఎలా చేసుకోవాలో కొలతలతో సహా పుస్తకం వేసింది. ఆమె పేరు లూయీజ్ బ్రిగమ్. గోదావరి జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలకు వడ్రంగం నేర్పి రిటైరైన మాస్టర్ని నేను. ఆమె పేరు ముందు రాయాలి, రీట్‌వెల్డ్ పేరు తర్వాత రాయాలి అన్నది నా వాదన.

ముందు పెట్టె సంగతి చెప్పాలి. ఇవాళ సామాను అట్టపెట్టెలో వస్తుంది, ప్లాస్టిక్ క్రేటులో వస్తుంది. వందేళ్ల కిందట అన్నీ చెక్క పెట్టెల్లోనే వచ్చేవి. సబ్బులు, నారింజలు, కోడిగుడ్లు, డబ్బా పాలు, తేయాకు, తుపాకి గుళ్లు దేనికదే పెట్టె. అన్నిట్లోకీ ఎక్కువ దూరం తిరిగింది కిరసనాయిలు పెట్టె. ఒక్కొక్కటి పంతొమ్మిది లీటర్లు పట్టే రేకు డబ్బాలు రెండేసి చొప్పున పైన్ చెక్క పెట్టెలో దించి, మేకులు కొట్టి, అమెరికా నుంచి ఓడలకెత్తేవారు. సిడ్నీకి వెళ్లినా షాంఘైకి వెళ్లినా మద్రాసు రేవులో దిగినా ఇంచుమించు అదే కొలత. మన ఊళ్లలో కావిడికి చెరో పక్క కట్టి నీళ్లు మోసిన డబ్బాలు ఈ జాతివే. డబ్బా మనందరికీ గుర్తుంది. దాన్ని మోసుకొచ్చిన పెట్టెను మాత్రం మరిచిపోయాం.

డబ్బాకు, పెట్టెకు లోపలి నూనెతో సమానంగా విలువ ఉండేదని వ్యాపారులకు ఒకసారి గట్టిగానే తెలిసివచ్చింది. 1892లో మార్కస్ సామ్యూల్ అనే లండన్ వర్తకుడు మ్యూరెక్స్ అనే ఓడలో రష్యా కిరసనాయిలును డబ్బాలు లేకుండా నేరుగా ట్యాంకుల్లో నింపి, సూయజ్ కాలువ గుండా ఆసియాకు పంపాడు. డబ్బాల ఖర్చు, పెట్టెల ఖర్చు, అవి ఓడలో మింగే జాగా అన్నీ మిగిలాయి కాబట్టి చవగ్గా అమ్మవచ్చు, జనం ఎగబడి కొంటారు అనుకున్నాడు. జనం కదల్లేదు. స్టాండర్డ్ ఆయిల్ వాళ్ల నూనె నీలం డబ్బాలో వచ్చేది. నూనె అయిపోయాక ఆ రేకు ఇంటి కప్పు అయ్యేది, గిన్నె అయ్యేది, లాంతరు అయ్యేది. ఉత్త నూనె వాళ్లకెందుకు? సామ్యూల్ వాళ్లు హడావిడిగా ఆసియాలోనే డబ్బాలు చేయించి, ఎర్ర రంగు వేసి, నూనె నింపి అమ్మవలసి వచ్చింది. తర్వాత షెల్ కంపెనీ అయింది ఈ వ్యాపారమే. కొనేవాడు లోపలి సరుకుతో పాటు పైపెట్టెను కూడా లెక్కకట్టి కొంటాడన్న సత్యం ఈ ఒక్క సంఘటనతో తేలిపోయింది.

ఆస్ట్రేలియాలో అడవి కొట్టి కొత్తగా సేద్యంలోకి దిగిన కుటుంబాలు ఈ పెట్టెను ఇంకో మెట్టు ఎక్కించాయి. పట్నం ఎక్కడో వందల మైళ్ల దూరం. ఫర్నిచరు తెప్పించుకునే స్తోమతు లేదు. రెండు కిరసనాయిలు పెట్టెలు నిలబెట్టి పైన పలక కొట్టి, ముందు పూల గుడ్డ వేలాడదీస్తే అలంకరణ బల్ల. రేకు డబ్బాను నిలువునా కోసి, అంచులు మడిచి, పెట్టె చట్రంలోకి జరిపితే సొరుగు. అలాంటి సొరుగులు ఆరూ ఏడూ పేర్చిన బీరువాలు ఇప్పుడు అక్కడి మ్యూజియంలలో ఉన్నాయి. 1920లలో మెల్‌బోర్న్‌లో కొత్త సెటిలర్ల సంఘం ఒకటి ఇలాంటి వస్తువుల తయారీ మీద చిన్న పుస్తకం కూడా వేసింది. వాటిలో చాలామటుకు ఎవరు చేశారో తెలియదు. సంతకం లేని పని అది.

ఇక్కడ పనివాడిగా ఒక విషయం చెప్పాలి. సరుకు పెట్టె విప్పి బల్ల చేయడం తేలికని అనుకుంటారు. మంచి టేకు పలకతో చేయడం కన్నా ఇది కష్టం. పెట్టెను కొట్టేటప్పుడే దాన్ని ఒక రోజు విప్పుతారని తెలిసి కొడతారు. పక్క పలకలు పలచన, కొసల్లో ఉండే అడ్డు చెక్కలు మందం. పక్క పలకలోంచి కొట్టిన మేకు ఆ అడ్డు చెక్క కొసలోకి, నార వెంబడి దిగుతుంది. నార వెంబడి దిగిన మేకుకు పట్టు తక్కువ, సన్నటి ఇనప చువ్వతో ఎత్తితే లేచొస్తుంది. పెట్టెకు అది సుగుణం, కుర్చీకి అదే ప్రాణాంతకం. మనిషి కూర్చుని వెనక్కి వాలగానే అతుకులు వదులవుతాయి. కనుక చేసేవాడు మూలల్లో లోపలివైపు బద్దలు వేయాలి, మేకు నారకు అడ్డంగా దిగేలా అతుకు మార్చాలి. మేకు పీకేటప్పుడు సుత్తి కింద చిన్న చెక్కముక్క పెట్టకపోతే పలక మీద లొట్ట పడుతుంది. పీకిన మేకు వంకర తీసి మళ్లీ వాడాలంటే అది వేరే విద్య. చిత్రిక పట్టేటప్పుడు విరిగి ఉండిపోయిన మేకు ముక్క తగిలితే బ్లేడు పళ్లు పళ్లుగా ఊడుతుంది. ఇన్ని తెలిసినవాడు చేసిన పనిని పేదవాడి సర్దుబాటు అని తీసిపారేయడం నాకు నచ్చదు.

బ్రిగమ్ 1875లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టింది. చిత్రకళ, చేతిపనులు నేర్చుకుంది. క్లీవ్‌లాండ్‌లో కార్మికుల పేటలో ఒక సేవాగృహం నడిపింది. తర్వాత యూరప్ వెళ్లి అక్కడి చేతిపని బళ్లు చూసింది. ఆమెకు అసలు పాఠం దొరికింది మాత్రం ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న స్పిట్స్‌బర్గెన్ దీవిలో. 1906లో జాన్ మన్రో లాంగ్‌యియర్ అనే అమెరికా వ్యాపారి పెట్టిన బొగ్గు కంపెనీ అక్కడ గనులు తవ్వుతోంది. ఆ క్యాంపులో ఆమె అతిథిగా ఉంది. దీవిలో చెట్టన్నది లేదు. సముద్రం ఎక్కడెక్కణ్ణుంచో కొట్టుకొచ్చి ఒడ్డున పడేసే దుంగలు తప్ప కలప లేదు. తినే తిండి, కట్టే బట్ట, గనికి కావలసిన పనిముట్టు సమస్తం ఓడలో పెట్టెల్లో రావలసిందే. ఖాళీ పెట్టెలు గుట్టలు పడి ఉండేవి. బ్రిగమ్ వాటితో ఇంటిని నింపింది. చెక్కకు కరువైన చోటే పెట్టె అంటే ఏమిటో ఆమెకు పూర్తిగా అర్థమైందని నా నమ్మకం. టేకు దొరికే ఊళ్లో ఆ చూపు రాదు. నేను రాజమండ్రి కలప డిపోల పక్కన పెరిగాను. గోదావరిలో తెప్పలు కట్టి దించిన దుంగలు చూస్తూ పెరిగినవాడికి సబ్బు పెట్టె కంటికి ఆనదు.

1909లో న్యూయార్కు సెంచురీ కంపెనీ ఆమె పుస్తకం ‘బాక్స్ ఫర్నిచర్’ వేసింది. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి దాన్ని టాబ్‌లో తెరిచి ఇచ్చింది. బొమ్మలు చూస్తూ చాలాసేపు మాట్లాడలేకపోయాను. నేను బళ్లో నల్లబల్ల మీద గీసిన పద్ధతే అది. మొదట పనిముట్లు, వాటి వాడకం. తర్వాత పెట్టె ఎలా విప్పాలి, మేకులు ఎలా దాచుకోవాలి. ఆ పైన ఏ వస్తువుకు ఏ సరుకు పెట్టె, ఎన్ని కావాలి. రాతబల్ల, మంచం పక్క అర, పసిపిల్లల కుర్చీ, బట్టల బీరువా, పూలకుండీ స్టాండు. ప్రతిదానికీ బొమ్మ ఉంది, కొలత ఉంది. ఆమె చాలా చోట్ల పెట్టెను ముక్కలు చేయదు. పెట్టెను పెట్టెగానే ఉంచి, దాన్నే ఒక కొలమానంగా తీసుకుని, పక్కన ఇంకోటి, పైన ఇంకోటి పేర్చి వస్తువును కడుతుంది. అందువల్ల ఒక గదిలోని వస్తువులన్నీ ఒకదానికొకటి కొలత కుదిరి ఉంటాయి. నిట్టనిలువు బద్దలు, చదరపు గళ్లు, పనికిమాలిన నగిషీ ఎక్కడా లేదు. అదే కాలంలో వియన్నాలో యోసెఫ్ హాఫ్‌మన్ బృందం ధనవంతుల ఇళ్లకు చేస్తున్న పనిలోని గీత ఇది. బ్రిగమ్ ఆ గీతను గుడ్ల పెట్టెలోకి దించింది.

న్యూయార్కులో తన సొంత వాటా మొత్తం ఈ పెట్టెలతోనే అమర్చుకుంది. ఖర్చు అయిదు డాలర్ల లోపే. 1910లో లేడీస్ హోమ్ జర్నల్ పత్రిక ఆ ఇంటి మీద ఆమె చేతనే వ్యాసాలు రాయించింది. అక్కడితో ఆగలేదు. హోమ్ థ్రిఫ్ట్ అసోసియేషన్ అనే సంఘం పెట్టి పేద పిల్లలకు ఈ పని నేర్పింది. నగరపాలక సంస్థ ఆ తరగతులకు ఈస్ట్ నది ఒడ్డున ఉన్న గ్రేసీ మాన్షన్‌లో చోటిచ్చింది. 1799లో ఒక ఓడ వర్తకుడు కట్టించుకున్న ఆ మేడ అప్పటికి పార్కులో పట్టించుకునేవాళ్లు లేక పడి ఉంది. 1942 నుంచి అది న్యూయార్కు మేయర్ అధికార నివాసం. అతిథులు కూర్చునే ఆ గదుల్లో ఒకప్పుడు పిల్లలు రంపపు పొట్టులో నిలబడి సబ్బు పెట్టెలు విప్పారు. ఆ తర్వాత ఆమె విడిభాగాలుగా ఇంటికి పంపి, కొన్నవాళ్లే బిగించుకునే ఫర్నిచరు కంపెనీ కూడా పెట్టింది. ఇవాళ ప్రపంచమంతా అమ్ముడవుతున్న పద్ధతి అది.

ఇంత చేసిన మనిషిని ఎందుకు మరిచిపోయారు? ఒక కారణం రైలు కిరాయి. అమెరికా రైలు కంపెనీలు అట్టపెట్టెలో పంపిన సరుకుకు చెక్కపెట్టె కన్నా ఎక్కువ కిరాయి వసూలు చేసేవి. లాస్ ఏంజెలెస్‌కు చెందిన ప్రిధమ్ అనే అట్టపెట్టెల తయారీదారు దాని మీద కేసు వేస్తే, 1914లో అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ ఆ తేడా చెల్లదని తీర్పిచ్చింది. ఇక అట్టపెట్టెకు అడ్డు లేదు. కిరాణా కొట్టు వెనక గుట్ట ఏటికేడాది తరుగుతూ వచ్చింది. బ్రిగమ్ పాఠానికి ముడిసరుకే కరువైంది. పళ్ల పెట్టెలు మాత్రం ఇంకొన్నాళ్లు నిలబడ్డాయి. నడుమ అడ్డపలక ఉన్న నారింజ పెట్టెను నిలువుగా నిలబెడితే రెండరల పుస్తకాల బీరువా, ఏ మార్పూ అక్కర్లేదు. 1929లో అమెరికా వాణిజ్య శాఖ కింద ఉన్న కలప వినియోగ కమిటీ వాడేసిన చెక్క పెట్టెలతో వస్తువులు చేసుకోవడం మీద పుస్తకం వేసింది. ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చిన ఏడాదే అది.

రెండో కారణం నాకు ఇంకా బలమైనదిగా కనిపిస్తుంది. ఆమె ఆడది, ఆమె శిష్యులు పేద పిల్లలు, ఆమె పుస్తకం గృహిణుల పుస్తకాల అరలో చేరింది. రీట్‌వెల్డ్ కుర్చీ ఆమ్‌స్టర్‌డామ్‌లో మెట్జ్ అనే పేరున్న దుకాణంలో అమ్మకానికి నిలబడింది, మ్యూజియంకు ఎక్కింది. నిజానికి ఆయన వాడింది పాత పెట్టె కాదు, పెట్టెలకు వాడే రకం కొత్త పలక. అందమైన ఆలోచనే. కానీ పారేసిన పెట్టెను ఉన్నదున్నట్టు తీసుకుని, దాని మేకులతో సహా వాడి, దాన్నొక చదువుగా మలిచింది బ్రిగమ్. 1956లో ఆమె చనిపోయేనాటికే ఆమె పేరు ఎవరికీ పట్టలేదు. ఆమె మీద పూర్తి స్థాయి అధ్యయన గ్రంథం 2019 దాకా రాలేదు.

మన దేశంలో ఈ కథ తేయాకు పెట్టెది. పందొమ్మిదో శతాబ్దం చివర ఎస్తోనియాలోని టాలిన్‌లో లూథర్ ఫ్యాక్టరీ ప్లైవుడ్‌తో తేలికైన పెట్టెలు చేసి, వెనెస్టా అనే లండన్ కంపెనీ ద్వారా తేయాకు తోటలకు అమ్మింది. ఆ వెనెస్టాలో పనిచేసిన జాక్ ప్రిచర్డ్ 1930లలో ఐసోకాన్ పేరుతో ప్లైవుడ్ ఫర్నిచరు మొదలుపెట్టాడు. మార్సెల్ బ్రాయర్ పొడుగు వాలుకుర్చీ ఆ కంపెనీదే. టీ పెట్టె చేసిన చెక్కే లండన్ డ్రాయింగు రూముకు చేరింది. స్వాతంత్ర్యం వచ్చాక మనం ప్రమాణాల సంస్థ పెట్టుకున్నప్పుడు మొదటి నెంబరు ప్రమాణం జాతీయ జెండాకు ఇచ్చారు. పదో నెంబరు ప్లైవుడ్ టీ పెట్టెలకు ఇచ్చారు. ఆ పెట్టెకు దేశం ఎంత విలువ ఇచ్చిందో అర్థం చేసుకోవచ్చు.

మా బళ్లో నా దగ్గరకు వచ్చినవి ఆ పెట్టెలే. అంచులకు రేకు బద్దీ, లోపల వెండి కాగితం, చెక్కలో పోని టీ వాసన. క్రాఫ్టు పీరియడ్ అనేది 1937 వార్ధా సభలో గాంధీగారు ముందుకు తెచ్చిన చేతిపని చదువు మిగిల్చిన ఆస్తి. ఆస్తి ఉంది గాని, దానికి కలప కొనే పద్దు లేదు. టేకు ముక్క తెమ్మని పిల్లలకు చెప్పలేం. టోకు కిరాణా షావుకారును అడిగి పెట్టెలు తెప్పించేవాణ్ణి. రేకు బద్దీ జాగ్రత్తగా ఊడదీయడం మొదటి పాఠం, ఎందుకంటే దాని అంచు చెయ్యి కోస్తుంది. తర్వాత మూలమట్టం, తర్వాత రంపం. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు చేసిన పీట వాళ్లమ్మ ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది మావాడు చేసిందేనాండీ మాస్టారూ? మీరు సాయం పట్టలేదా అండీ?” అని అడిగింది. పట్టలేదమ్మా అన్నాను. ఆవిడ దాన్ని నేలమీద పెట్టకుండా చంకలో పెట్టుకుని వెళ్లింది. ఆ పిల్లవాడికి లెక్కల్లో ఎప్పుడూ రాని మార్కులు ఆ పీట కొలతల్లో వచ్చాయి. తర్వాత తర్వాత క్రాఫ్టు మాస్టర్ల ఖాళీలు భర్తీ చేయడం మానేశారు. పనిముట్ల పెట్టెకు తాళం పడింది. నాకు బాధ కలిగించిన విషయాల్లో ఇది మొదటిది, ఇప్పటికీ అంతే.

ఇటలీలో ఎంజో మారి 1974లో బల్లలు, కుర్చీలు, మంచాలు కలిపి పంతొమ్మిది నమూనాలు గీసి, తపాలా ఖర్చు పంపిన వాళ్లందరికీ ఉచితంగా పంపాడు. పలకలు, మేకులు, సుత్తి ఉంటే చాలు. కంపెనీలు వాటిని చేసి అమ్మకూడదని షరతు. చేతితో చేసినవాడికే వస్తువు మంచి చెడ్డలు తెలుస్తాయన్నది ఆయన ఉద్దేశం. బ్రిగమ్ పిల్లలు అరవై ఏళ్ల ముందే ఆ సంగతి తెలుసుకున్నారు.

ఇప్పుడు చెక్క పెట్టె స్థానంలో ప్యాలెట్ వచ్చింది. విశాఖ రేవులో దిగిన యంత్రాల కింద వచ్చే పైన్ చెక్క ఆటోనగర్లలో చవగ్గా దొరుకుతుంది. కుర్రవాళ్లు వాటితో సోఫాలు, మంచాలు చేస్తున్నారు. చూసి సంతోషిస్తాను. వాళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలి. ప్యాలెట్ మీద ముద్ర చూడండి. హెచ్.టి. అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిని అరగంట పట్టించారని అర్థం. దాన్ని వాడవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించిన చెక్క, అది ఇంట్లోకి వద్దు. ముద్ర లేనిది, నూనె మరకలున్నది కూడా వద్దు.

మరో మాట ఉపాధ్యాయ మిత్రులకు. బ్రిగమ్ పుస్తకం 1909 నాటిది, కాపీరైటు తీరిపోయి చాలా కాలమైంది. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, అనువదించవచ్చు, అచ్చు వేయవచ్చు. అందులోని వంద వస్తువుల్లో మన ఇళ్లకు పనికొచ్చేవి ఏరి, అంగుళాలను సెంటీమీటర్లలోకి మార్చి, సబ్బు పెట్టె ఉన్నచోట ప్యాలెట్ పలక రాసి, తెలుగులో తెస్తే ప్రతి బడికీ వడ్రంగం పాఠ్యపుస్తకం దొరుకుతుంది. బొమ్మలు గీయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అచ్చు వేసే పని ఎవరైనా తలకెత్తుకోండి.